ఒకే దుకాణం ఉన్న ఊళ్ళో తూకం ఎవరు చూడాలి?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా పిన్ని కూతురు, నాకు అక్క వరస, పెళ్ళయి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి పాతికేళ్ళు దాటింది. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గాని, మా ఇంట్లో ఇంకా పాత పేరే నోట్లో ఆడుతూ ఉంటుంది. శ్రీకాకుళం నుంచీ విశాఖపట్నం నుంచీ ఓడెక్కి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబాలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల మొత్తం జనం 3,80,000 పైచిలుకు. అందులో ఎనిమిదింట ఒక వంతుకు మించి తెలుగువారే. కాబట్టి నేను చెప్పబోయేది ఏదో దూరదేశపు సంగతి అనుకోకండి.

2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున్నే సముద్రం పొంగి దీవుల మీద పడిందని వార్త వచ్చింది. ఫోను చేస్తే రింగు కూడా పోలేదు. మా పిన్ని ఆ ఫోను పక్కనే పీట వేసుకు కూర్చుంది. అన్నం తినమంటే, "నేను లేచి వెళ్ళినప్పుడే మోగితేనో?" అనేది. అలా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు ఎవరో పుణ్యాత్ములు అక్క చెప్పిన నాలుగు మాటలు మద్రాసు మీదుగా మాకు చేరవేశారు. "అందరం క్షేమం. గోడలు బీటలిచ్చాయి. అమ్మకు చెప్పండి." అంతే. ఆ నాలుగు మాటల కోసం ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో, ఆడపిల్లను దూరం ఇచ్చిన తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లోనే భారతీ ప్రసాద్ అనే ఆవిడ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హాం రేడియో అంటారు చూడండి, సొంత రేడియో పెట్టెతో దేశదేశాలవారితో మాట్లాడే విద్య, ఆవిడది అందులో అందెవేసిన చెయ్యి. ఆ దీవుల నుంచి హాం రేడియో వాడటానికి చాలా ఏళ్ళు ఎవరికీ అనుమతి లేదు. ఆవిడ పట్టువదలకుండా తిరిగి అనుమతి సంపాదించి, సరిగ్గా ఆ డిసెంబరులోనే అక్కడికి వెళ్ళారు. ఫోనులు మూగపోయిన వేళ ఆ పెట్టె ద్వారానే ఎందరి క్షేమసమాచారాలో ఒడ్డుకు చేరాయి. ఇందులో ఆవిడ ధైర్యం ఎంత ఉందో, ముందే చేతికొచ్చిన ఆ అనుమతి కాగితం పాత్రా అంత ఉంది. ఆ కాగితం ఒక్క నెల ఆలస్యమై ఉంటే? సర్కారు అనుమతులూ నిబంధనలూ అంటే మనకు సంబంధం లేని ఆఫీసు వ్యవహారం అనుకుంటాం. కాదమ్మా, ఒక్కోసారి అవే తల్లికీ బిడ్డకీ మధ్య తీగ.

మరి ఆ దీవుల్లో ఫోను అంత బలహీనంగా ఎందుకుండేది? మన ఊళ్ళ మధ్య మాట నేలలో వేసిన తీగల మీద నడుస్తుంది. వాళ్ళకూ మనకూ మధ్య 1,200 కిలోమీటర్ల దాకా సముద్రం. అందుకని మాటంతా ఉపగ్రహం మీదుగా, అంటే 36,000 కిలోమీటర్లు పైకి వెళ్ళి, మళ్ళీ అంత దూరం కిందికి దిగి రావాలి. మనం "బాగున్నావా?" అంటే జవాబు అర సెకను ఆగి వచ్చేది. ఈలోపు ఇద్దరం ఒక్కసారే మాట్లాడి, ఒక్కసారే ఆగిపోయేవాళ్ళం. ఆ దారి కూడా ఇరుకు, ఖరీదు. బ్యాంకు, ఆసుపత్రి, బడి, ఓడ టిక్కెట్టు అన్నీ ఆ ఇరుకు దారిలోనే తోసుకుంటూ పోవాలి.

పోటీ ఉంటే అన్నీ అవే బాగుపడతాయి గదా, కంపెనీలను వదిలేస్తే పోలేదా అని మా వారు అన్నారు. నేను ఆయనకు మా అమ్మమ్మగారి ఊరి సంగతి చెప్పాను. ఆ ఊళ్ళో ఒకటే కిరాణా దుకాణం. రెండో దుకాణం పెట్టడానికి ఎవరూ రారు, ఎందుకంటే కొనేవాళ్ళు ఇద్దరికి చాలరు. మరి ఒకే దుకాణం ఉన్నప్పుడు తక్కెడ ఎవరు చూడాలి? ధర ఎవరు అడగాలి? బస్తీలో అయితే బాగా లేదని పక్క కొట్టుకు పోతాం. ఇక్కడ పోవడానికి పక్క కొట్టు లేదు. చిన్న ఊరికీ, చిన్న దీవికీ అందుకే పెద్దమనిషి మరీ అవసరం.

ఆ పెద్దమనుషులు ఎవరో నాకు తెలిసినంతలో చెబుతాను. ఫోనుల సంగతి చూసేది ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ. 1997లో చట్టం చేసి పెట్టారు. ధరలకూ, సేవ నాణ్యతకూ అది నియమాలు పెడుతుంది, వాటిని కంపెనీలు పాటించి తీరాలి. కొన్ని విషయాల్లో మాత్రం అది సలహా ఇస్తుంది, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అండమాన్, లక్షద్వీప్‌ల గురించి 2014 జూలైలో అలాంటి సలహాయే ఇచ్చింది. ఉపగ్రహం ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు, సముద్రం అడుగున తీగ వెయ్యాలి అన్నది దాని సారాంశం.

మరి డబ్బో? దానికి మన దేశంలో 2002 నుంచి ఒక ఏర్పాటు ఉంది. ఫోను కంపెనీలు తమ రాబడి లెక్కకట్టి నూటికి 8 రూపాయలు లైసెన్సు ఫీజుగా కడితే, అందులో 5 రూపాయలు లాభం రాని చోట్లకు సేవ అందించడానికని విడిగా ఎంచుతారు. దానికే సార్వత్రిక సేవా నిధి అని పేరు. ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. ఉమ్మడి కుటుంబంలో సంపాదించే అన్నదమ్ములు తలా కొంత వేసి, వెనుకబడ్డ తమ్ముడి పిల్లల చదువు నడిపినట్లన్నమాట. ఆ సొమ్ము కంపెనీ కట్టినా మూలం మన బిల్లే. అంటే మీరూ నేనూ కట్టిన పైసలూ ఆ సముద్రంలో ఉన్నాయి.

2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, అక్కడి నుంచి లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వంటి దీవులకూ కలిపి 2,312 కిలోమీటర్ల తీగ వేశారు. ఖర్చు 1,224 కోట్లు. 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి వేసిన తీగ 2024 జనవరిలో మొదలయింది. సలహాకూ తీగకూ మధ్య ఆరేళ్ళూ, తొమ్మిదేళ్ళూ పట్టాయి చూశారా? సలహా ఇవ్వడంతో పని అయిపోదు, వెంటపడేవాళ్ళు ఉండాలి.

2020 అంటే బడులు మూసేసి పిల్లలకు ఫోనులో పాఠాలు చెప్పిన సంవత్సరం. మా అక్క కూతురు అప్పుడు పదో తరగతి. వేసవిలో టీచరు బొమ్మ కదలక, మాట తెగి, పిల్ల ఏడ్చేదట. దసరా నాటికి, "అమ్మా, మేడమ్ నవ్వడం కూడా కనబడుతోంది!" అందట. ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఆ తీగకు ఎవరివ్వాలి?

అయితే తీగ వచ్చింది గదా అని పెద్దమనిషిని ఇంటికి పంపెయ్యకూడదు. సముద్రపు తీగ తెగితే అతకడానికి ప్రత్యేకమైన ఓడ రావాలి. అందాకా ఉపగ్రహం దారి తెరిచే ఉంచాలి. సేవ ఆగిపోతే లెక్క అడగాలి. ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. ఒక జిల్లా మొత్తం మీద సేవ 24 గంటలకు మించి ఆగిపోతే, నెలవారీ బిల్లు కట్టేవారికి ఆ మేరకు అద్దె తగ్గించాలి. ముందు డబ్బు కట్టేవారికి గడువు పొడిగించాలి. తూకం తగ్గితే దుకాణదారు సరుకు పూడ్చి ఇవ్వాలన్నట్లే ఇది.

ఇక కరెంటు. ఆ దీవులను మన దేశపు పెద్ద కరెంటు తీగలతో కలపడం కుదరలేదు. ఎక్కువ భాగం డీజిలు యంత్రాలతోనే పుట్టించుకోవాలి, ఆ డీజిలూ ఓడల్లోనే రావాలి. అందుచేత యూనిట్‌కు అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. జనం దగ్గర వసూలు చేసేది అందులో కొంతే, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. ఈ ధరలు నిర్ణయించడానికి గోవాకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ కలిపి ఒక ఉమ్మడి విద్యుత్ నియంత్రణ కమిషన్ ఉంది. 2005లో కేంద్రపాలిత ప్రాంతాలకని ఏర్పడింది, గోవా తర్వాత చేరింది. మన యానాం కూడా పుదుచ్చేరితో పాటు దాని కిందికే వస్తుంది. చిన్న ప్రాంతాలు ఒక్కొక్కటీ ఒక కమిషన్‌ను పోషించుకోలేవు గనుక పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక బావి తవ్వుకున్నట్లు చేశారు. బావి ఇంటికి దూరమైతే నీళ్ళు మోసే శ్రమ ఉంటుంది, నిజమే. ఆ ఆఫీసు ఉన్నది ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో. అందుకే ధరలు మార్చేముందు ప్రజల అభ్యంతరాలు తప్పనిసరిగా వినాలని విద్యుత్ చట్టంలో రాశారు.

అలా పోర్ట్ బ్లెయిర్‌లో జరిగిన ఒక విచారణకు మా అక్క వెళ్ళింది. హాలులో వ్యాపారస్థులు, హోటళ్ళవాళ్ళు, కాగితాల కట్టలతో వచ్చారట. ఇల్లాళ్ళు ముగ్గురో నలుగురో. మైకు ముందు అక్క కాళ్ళు వణికాయట. "అయ్యా, బిల్లులో ఏ గీతకు ఎంత, ఎందుకు అన్నది మాకు అర్థమయ్యే మాటల్లో వెనక అచ్చు వెయ్యండి. ఇల్లు నడిపేది మేము," అని చెప్పి కూర్చుందట. రాసుకున్నారట. మర్నాడు కూరల బజారులో ముక్కూ మొహం తెలియని ఒక బెంగాలీ ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని, "నా మాట నువ్వు చెప్పావు" అందట.

మనకూ ఆ అవకాశం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి 1999 నుంచి ఉంది, తెలంగాణకు వేరే ఉంది. బహిరంగ విచారణ ప్రకటన పేపర్లో వస్తుంది. మనం దాన్ని పప్పుల డబ్బా అడుగున వేస్తాం.

చివరగా మా ఇంటి అనుభవం ఒకటి. కిందటేడు మా ఇంటి ఫోనూ నెట్టూ తొమ్మిది రోజులు పడుకున్నాయి. కంపెనీ పేరు ఎందుకు లెండి. ఫోను చేసిన ప్రతిసారీ "చూస్తామండీ" అనేవారు. మా అక్కకు చెబితే, "ఫిర్యాదు నంబరు తీసుకున్నావా?" అంది. తీసుకోలేదు! ఆ రోజు తీసుకున్నాను, క్యాలెండరు మీద రాసి పెట్టాను. అప్పటికీ కదలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఆ నంబరు వేసి రాశాను. రెండు రోజుల్లో మనిషి వచ్చాడు, తర్వాతి బిల్లులో ఆ రోజుల అద్దె తగ్గింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒక్కొక్కరి ఫిర్యాదు ట్రాయ్ విచారించదు. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రం, తర్వాత అప్పీలు అధికారి. అక్కడా న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చునని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

మా పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ కూర్చున్న పీట మా ఇంట్లోనే ఉంది. దానిమీదే కూర్చుని ఆదివారాలు అక్కతో మొహం చూసుకుంటూ మాట్లాడతాను. మాట తెగితే మాత్రం ఊరుకోను, తేదీ, గంట, నంబరు రాసుకుంటాను. మీరు కూడా రేపే ఒక చిన్న పుస్తకం కొని, మొదటి పేజీలో మీ ఫోనూ కరెంటూ ఫిర్యాదు నంబర్లు రాసి పెట్టుకోండి. అడిగేవాళ్ళు లేని చోట ఏ తక్కెడా నిలకడగా ఉండదు.

సెలవు.