సరస్సు ఒడ్డున బంగళా, గంటన్నర మీటింగు

నా వెనకాల కనిపిస్తోంది కదా, ఇది బెర్లిన్ శివార్లలో వాన్‌సీ సరస్సు ఒడ్డున ఉన్న బంగళా. తోట, నీళ్లు, పడవలు... పెళ్లి ఫొటోషూట్‌కి భలే ఉంటుందే అనిపిస్తుంది. 1915 ప్రాంతంలో ఒక వ్యాపారి కట్టించుకున్నాడు. చేతులు మారి మారి నాజీల ఎస్‌ఎస్‌కి చేరింది.

1942 జనవరి 20న ఇక్కడ 15 మంది కూర్చున్నారు. అందరూ పెద్ద ఆఫీసర్లు, సగం మందికి డాక్టరేట్లు. యూరప్‌లోని యూదులను చంపాలా వద్దా అని కాదు మీటింగు. చంపడం అప్పటికే మొదలైపోయింది. ఏ శాఖ ఏం చెయ్యాలి, ఎవరి మాట చెల్లాలి, అదీ చర్చ. గంటన్నరలో అయిపోయింది.

మినిట్స్ ఐక్‌మన్ తయారు చేశాడు. 30 కాపీల్లో ఒక్కటే, 16వది, 1947లో దొరికింది. అందులో ఆరో పేజీ దగ్గర నేను ఆగిపోయాను. దేశాల లిస్టు, ఎదురుగా అంకెలు. మనం ఆఫీసులో రోజూ చూసే ఎక్సెల్ షీట్ లాగే ఉంది! అల్బేనియా 200. ఇంగ్లండ్ 3,30,000. అవును, వాళ్ల చేతికి చిక్కని దేశం కూడా లెక్కలో ఉంది. మొత్తం కోటీ పది లక్షల పైనే. ఎస్టోనియా ఎదురుగా మాత్రం అంకె లేదు, యూదులు లేరని రాసి ఉంది. ఎందుకు లేరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

యుద్ధం తర్వాత చాలా ఏళ్లు ఇది స్కూలు పిల్లల హాస్టల్. ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ చరిత్రకారుడు జోసెఫ్ వుల్ఫ్, ఇక్కడ డాక్యుమెంట్ సెంటర్ పెట్టమని 1960ల్లో ఎంతో పోరాడారు. ఎవరూ ఒప్పుకోలేదు. 1974లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. మ్యూజియం తెరిచింది 1992లో. లోపల లైబ్రరీకి ఆయన పేరే పెట్టారు. పదండి, చూపిస్తాను.