బ్యాండు పిల్లల బూట్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరువి కదా, పిల్లలకు కొత్త టెక్నాలజీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. బూట్ల గురించి చెప్తానన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి, సరే మీ ఇష్టం అన్నారు.

స్వర్ణోత్సవం సందర్భంగా బడికి కొత్త బ్యాండు సెట్టు ఇవ్వాలని మన సంఘం తీర్మానించింది. చాలా సంతోషం. సైడ్ డ్రమ్ములు, బాస్ డ్రమ్ము, బ్యూగిళ్లు, తాళాలు, యూనిఫాం అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. చివరి లైనులో మాత్రం 'బూట్లు విద్యార్థులే తెచ్చుకోవాలి' అని ఉంది. ఆ ఒక్క లైను మార్చమని అడగడానికే ఈ రోజు మైకు పట్టుకున్నాను.

1984 ఆగస్టు 15. నేను తొమ్మిదో తరగతి. ఆ మర్నాడే రామారావుగారి ప్రభుత్వాన్ని దించేశారు కాబట్టి మా బ్యాచ్‌లో ఆ తేదీ మరిచిపోయినవాళ్లు ఉండరు. అప్పటికింకా మండలాలు రాలేదు. పెరేడు తాలూకా ఆఫీసు మైదానంలో. బడి నుంచి అక్కడిదాకా బ్యాండుతో నడిచి వెళ్లేవాళ్లం.

మా క్లాసులో ఒకడు బ్యూగిల్ బ్రహ్మాండంగా ఊదేవాడు. నేను వాడి తర్వాత. వాడు రాని రోజే నాకు బ్యూగిల్ దక్కేది. తెల్ల కాన్వాసు బూట్లు లేనివాళ్లు పెరేడుకి రాకూడదని రూలు. అది మా డ్రిల్లు మాస్టారు పెట్టింది కాదు, అన్ని బళ్లలోనూ అంతే. పద్నాలుగో తేదీ సాయంత్రం వాడు మా ఇంటికొచ్చి, "మీ అన్నయ్య పాతజత ఉందటగదరా, ఒక్క రేపటికి ఇస్తావా?" అన్నాడు. "అవి చిరిగిపోయాయిరా" అన్నాను. చిరగలేదు. అటక మీద ఉన్నాయి.

మర్నాడు బ్యూగిల్ నా చేతికొచ్చింది. నా బూట్లేమో మా నాన్నగారు 'పెరిగే కాళ్లు' అని రెండు సైజులు పెద్దవి కొన్నారు. ముందు భాగంలో పాత పేపరు కుక్కుకుని బయల్దేరాను. రాత్రి వాన పడి మైదానం బురద బురదగా ఉంది. జెండా ముందు 'బాయే ఘూమ్' అనగానే బ్యాండు తిరిగింది, నా కాలూ తిరిగింది, బూటు మాత్రం బురదలోనే ఉండిపోయింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో మిగతా పెరేడంతా నడిచాను. ఊదిన స్వరం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

పెరేడు అయ్యాక ఆ బూటు తీసి, బురద తుడిచి, తెచ్చి నా చేతిలో పెట్టింది వాడే. తాడు అవతల జనంలో నిలబడి చూస్తున్నాడట. ఒక్క మాట అనలేదు. వాడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పను. నలభై ఏళ్లకి పైగా చెప్పని మాట నిన్న రాత్రి ఫోను చేసి చెప్పాను. "అటక మీద ఉన్నాయని నాకు అప్పుడే తెలుసురా" అన్నాడు.

ఇప్పుడు పని మాట.

కవాతులో నిమిషానికి సుమారు 120 అడుగులు వేస్తాం. ఒక్కో అడుగు 30 అంగుళాలు. అంటే నిమిషానికి 300 అడుగుల దూరం. కిలోమీటరు నడిచేసరికి సుమారు 1,300 అడుగులు పడతాయి, ఒక్కో కాలు 650 సార్లు నేలని కొడుతుంది. వదులు బూటులో మడమ అన్నిసార్లూ రాసుకుంటుంది. బొబ్బ లేవకుండా ఉంటుందా?

మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే సైజులు ఇంగ్లండు పద్ధతివి. ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. నాకు కొన్నవి రెండు సైజులు పెద్దవి అంటే 17 మిల్లీమీటర్లు. మా వర్క్‌షాపులో ఏ పార్టయినా అంత తేడాతో వస్తే తుక్కులో పడేస్తాం. పిల్లల కాళ్ల దగ్గర మాత్రం 'సర్దుకుంటుందిలే' అంటాం.

పొడవొక్కటే చాలదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్షమందికి పైగా పాదాలు కొలిపించి, మనవాళ్ల పాదాలు పరాయి దేశాల కొలతలకన్నా వెడల్పని తేల్చింది. 'భ' అని మనకంటూ ఒక కొలతల పద్ధతినే ప్రతిపాదించింది. వెడల్పు చాలక వేళ్లు నొక్కుకుంటున్నాయని మనం సైజు పెంచుతాం. అప్పుడు పొడవు ఎక్కువై మడమ జారుతుంది. కాబట్టి సైజు నంబరు అడిగి రాసుకోవడం కాదు, పాదం కొలవాలి. సాయంత్రం పూట కొలవాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మేజోళ్లు వేసుకుని, నిలబడి, రెండు కాళ్లూ కొలవాలి. రెండూ సమానంగా ఉండవు, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, మడమ దగ్గర మాత్రం కదలకూడదు.

సోలు రబ్బరుదై ఉండాలి, కింద గాట్లుండాలి. మన ఆగస్టు 15 వానల్లోనే వస్తుంది. తళతళలాడే నల్లబూట్లు ఫోటోలో బాగుంటాయి కానీ, వాటిలో చౌకరకాల అడుగు నున్నగా ఉండి తడి గచ్చు మీద జారుతుంది. పైన ఉన్న రెగ్జిను గాలి ఆడనివ్వదు. బూటు చేత్తో వంచి చూడండి. వేళ్ల మొదట్లో వంగితే మంచిది, నడిమధ్యలో మడత పడితే వద్దు. నన్నడిగితే తెల్ల కాన్వాసే మేలు. తేలిక, చౌక, ఉతుక్కోవచ్చు.

ఇప్పుడు మన బ్యాండులో సగంమంది ఆడపిల్లలు. వాళ్లకి బెల్టు బూట్లు చాలని ఎవరో అన్నారు. చాలవు. అందరికీ లేసుల బూట్లే ఉండాలి. బాస్ డ్రమ్ము మోసే పిల్లకి తన కాళ్లు తనకు కనపడవు. ఆ దెబ్బ ఎడమ అడుగుతో పడుతుంది, అందరూ దాన్ని పట్టుకునే నడుస్తారు. ఆ పిల్ల తడబడితే బ్యాండంతా తడబడుతుంది. కాబట్టి లేసు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపాలి. ఇంకొకటి, కొత్తబూట్లతో నేరుగా పెరేడుకి వెళ్లకూడదు. రెండు వారాలైనా వాటితోనే ప్రాక్టీసు చేయాలి.

నా విన్నపం ఇది. డ్రమ్ములు బడివైనట్టే బూట్లూ బడివి కావాలి. ప్రతి సైజులోనూ ఒకటి రెండు జతలు అదనంగా ఉండాలి. లోపల నంబరు వేసి, వాడాక నీడలో ఆరబెట్టి, బీరువాలో పెట్టాలి. పిల్లల కాళ్లు పెరుగుతాయి. పెరిగినప్పుడు జత మార్చుకుంటారు, చిన్నజత తర్వాతి పిల్లకి వస్తుంది. మేజోళ్లు మాత్రం ఎవరివి వాళ్లకే. మొదటి విడత జతల ఖర్చు నేనూ, ఇందాక చెప్పిన ఆ స్నేహితుడూ చెరిసగం పెట్టుకుంటాం. నేనొక్కణ్నే పెడతానన్నాను, వాడు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఏటేటా పాడైన జతలు మార్చే బాధ్యత సంఘం తీసుకోవాలి.

కార్యదర్శిగారు తల ఊపుతున్నారు. ఊపినట్టు సభ్యులందరూ సాక్ష్యం.

పిల్లలూ, రేపు సాయంత్రం ఐదింటికి డ్రాయింగు గదికి రండి. డ్రాయింగు షీట్లు, పెన్సిలు, స్కేలు నేను తెస్తాను. మీరు మేజోళ్లు తెచ్చుకోండి. కొలతలు నేను తీస్తాను, వాడు రాసుకుంటాడు.