తిన్న పండు గింజ నాటవచ్చునా?



తొలకరి పడిందంటే మన ఇండ్ల పెరళ్లలో, దొడ్డి గోడ పక్కన, పెంటకుప్పల మీద మామిడి మొలకలు రాగిరంగు ఆకులతో తలలెత్తుతూ వుంటాయి. వాటిని ఎవరూ నాటనక్కర లేదు. బజారులో కొన్న బంగినపల్లి తిని, టెంక విసిరివేసిన చోట నాలుగు వానలు పడితే చాలు. ఆ మొలకను చూడగానే ఎవరికైనా ఒక ఆశ పుడుతుంది. పండు ఇంత తియ్యగా వున్నది, దీని టెంక నాటితే ఇట్టి చెట్టే నాకూ వస్తుంది గదా, నర్సరీవానికి డబ్బెందుకు పోయాలి అని. బొప్పాయి కోసినప్పుడూ ఇదే ఆలోచన. ఒక్క పండులో వందల గింజలు! ఎకరానికి కావలసిన నారంతా ఈ నాలుగు పండ్లలోనే వున్నదే అనిపిస్తుంది.

గింజ మొలుస్తుందా అంటే, మొలుస్తుంది. అదే పండు కాస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటిగా ఎంచినందువల్లనే రైతుకు నష్టం వస్తున్నది. జవాబు కూడా అన్ని పండ్లకూ ఒకటే కాదు.

ముందు మామిడి సంగతి చూద్దాం. మీరు తినే కండ అంతా తల్లిచెట్టుదే. టెంక లోపలి జీడి మాత్రం అట్లా కాదు. పూత సమయంలో ఈగలు, చిన్న పురుగులు పక్కనున్న తోతాపురి పుప్పొడినో, రసాల చెట్టు పుప్పొడినో తెచ్చి బంగినపల్లి పూవు మీద వేస్తాయి. ఆ కలయికకు పుట్టిన పిల్ల జీడిలో వుంటుంది. దానికి తల్లి పోలిక రావచ్చు, తండ్రి పోలిక రావచ్చు, ఇద్దరిలోనూ కనబడని పులుపో పీచో ఏ ముత్తాత నుంచో దిగవచ్చు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రకం ఇన్ని తరాలు చెడకుండా నిలిచింది అంటు వల్లనే గాని, టెంక వల్ల కాదు.

పోనీ, పండు ఎట్లా వుంటుందో త్వరగా తేలుతుందా? తేలదు. అంటుమొక్క నాలుగైదేండ్లలో కాపుకు వస్తే, టెంక మొక్కకు ఏడెనిమిదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. పది మీటర్ల ఎడంతో ఎకరాకు నలభై చెట్లు. ఎనిమిదేండ్లు నీరు పోసి, కంచె వేసి, పశువులను కాచిన తర్వాత నలభై చెట్లకు నలభై రకాల కాయలు కాస్తే, ఏ వ్యాపారి ఆ తోటను గుత్తకు తీసుకుంటాడు?

ఒక పెద్దాయన అడిగాడు: "బాబూ, మా తాతలు నాటినవన్నీ టెంక చెట్లే గదా, అవి కాయలేదా?" కాశాయి పెద్దయ్యా, ఎందుకు కాయలేదు! ఒక చెట్టు ఆవకాయకు, ఒక చెట్టు రసానికి, ఒకటి పిల్లలు రాళ్లు రువ్వడానికి. ఊళ్లో ప్రతి చెట్టుకూ ఒక పేరుండేది. ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గర దశేరి అనే ఊళ్లో మొలిచిన ఒక్క గింజచెట్టు నుంచే దశేరి రకమంతా వచ్చింది. కాబట్టి పెరట్లో ఒక మూల టెంక చెట్టును పెంచుకోవద్దని నేను అనను. అదృష్టం వుంటే మంచి కాయే కాయవచ్చు. అది సరదా. అప్పు తెచ్చి వేసే తోటలో మాత్రం అదృష్టాన్ని నమ్ముకోరాదు.

అయితే టెంకలను పారవేయాలా? వద్దు. అంటుకు అవే వేరుమూలం. పక్వానికి వచ్చిన పండు టెంకనే తీసుకోండి. లేత కాయను కోసి మందు పెట్టి మగ్గించి వుంటే, పైన పసుపు పచ్చగా వున్నా లోపల జీడి ముదిరి వుండదు. టెంకలను నీళ్లలో వేసి, తేలినవి తీసివేయండి. మునిగినవాటి పీచు కడిగి, పెంకు అంచును జాగ్రత్తగా చీల్చి జీడి తీయండి. పురుగు తొలిచినదాన్ని అవతల పెట్టండి. జీడి ఎండితే చచ్చిపోతుంది. దాన్ని జొన్నల మాదిరి కుండలో దాచుకొనేందుకు వీలు లేదు. పండు తిన్న వారంలోపల నాటితే ఉత్తమం, నెల దాటితే ఆశ తక్కువ.

ఇసుక, పశువుల ఎరువు కలిపిన మడిలో నాటితే రెండు మూడు వారాలలో మొలుస్తుంది. మొలక పదీ పదిహేను రోజులదై, ఆకులు ఇంకా రాగిరంగులో వుండగానే టెంక అంటు కట్టాలి. మీకు తెలిసిన మంచి చెట్టులో మూడు నాలుగు నెలల వయస్సు గల కొమ్మను ఎంచుకొని, వారం పది రోజుల ముందే కాడలు మిగిల్చి ఆకులు కత్తిరించి వుంచండి. మొలక తలను రెండు మూడు అంగుళాల ఎత్తులో కోసి, మధ్యగా చీల్చి, కొమ్మ మొనను మేకు మాదిరి చెక్కి అందులో దింపి, పాలిథిన్ పట్టీతో బిగించండి. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ వుంటుంది గనుక అప్పుడు బాగా అతుకుతుంది. మొదటిసారి సగం పోయినా దిగులుపడకండి, రెండో ఏటికి చేయి కుదురుతుంది.

ఇక నిమ్మ. ఇక్కడ కథ తిరగబడుతుంది. నిమ్మగింజ ఒక్కటే నాటితే రెండు మూడు మొలకలు రావడం మీరు చూసే వుంటారు. వాటిలో చాలావరకు పుప్పొడితో పనిలేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి. అంటే అచ్చంగా తల్లులే. అందుకే గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలు గింజ నారుతోనే వేస్తూ వచ్చారు. నారుమడిలో పీలగా వున్నవీ, ఆకు తీరు మిగతావాటికి భిన్నంగా వున్నవీ పీకివేసి, బలంగా ఒకే తీరుగా వున్నవాటిని వుంచుకోవాలి. కాని తల్లి మాదిరే వస్తుందంటే, తల్లి ఎవరో తెలియాలి గదా! బజారు బస్తాలోని కాయ ఏ చెట్టుదో, ఆ చెట్టుకు గజ్జి తెగులు ఎంత వున్నదో మనకు తెలియదు. తోటలో ఏడాది పొడవునా కాపు చూసిన చెట్టు నుంచి పండుకాయలు తీసుకోండి. లేదా గజ్జిని కొంత తట్టుకొనే బాలాజీ వంటి రకం నారు తెచ్చుకోండి. గింజలు కడిగి, నీడలో తడి ఆరగానే పోయండి. బత్తాయి మాత్రం వేరు. దాన్ని రంగపూర్ నిమ్మ మీద కన్ను అంటు కట్టినదే వేయాలి.

అసలు ప్రమాదం బొప్పాయిలో వున్నది. ఇప్పుడు బజారులో ఎక్కువగా కనిపించే పొడవాటి ఎర్రకండ పండు తైవాన్ రెడ్ లేడీ. అది సంకర రకం. సంకరం మొదటి తరంలోనే ఒక తీరుగా కాస్తుంది. దాని పండులోని గింజ రెండో తరం. ఒక చెట్టు కాయ పెద్దది, ఒకదానిది చిన్నది, ఒకదాని కండ ఎరుపు, ఒకదానిది పసుపు. దగ్గరలో నాటు బొప్పాయి మగచెట్టు వుండి దాని పుప్పొడి సోకి వుంటే, మీ తోటలో మగచెట్లు కూడా లేస్తాయి. ఆరడుగుల ఎడంతో ఎకరాకు పన్నెండు వందల పైచిలుకు మొక్కలు. నాటిన అయిదారు నెలలకు పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. అప్పటికి డ్రిప్పు, ఎరువు, కలుపు కూలి అన్నీ అయిపోయి వుంటాయి. దూరపు మార్కెట్టుకు లారీ ఎత్తే వ్యాపారి ఒకే సైజు కాయ అడుగుతాడు, కలగలుపు సరుకును కాటా దగ్గరే ధర తగ్గిస్తాడు. విత్తనం పొట్లం ధర ప్రియమే, కాదనను. కాని ఆ ఖర్చును ఎకరం మీద మొత్తం పెట్టుబడితో పోల్చి చూడండి. ఇది చట్టం మాట కాదు. తన పంట గింజ దాచి నాటుకొనే హక్కు 2001 చట్టం రైతుకు ఇచ్చింది. హక్కు వున్నంత మాత్రాన గింజ గుణం మారదు గదా.

పెరటికైతే బొప్పాయి గింజ నిక్షేపంగా వేసుకోండి. గింజ మీది జిగురు పొర మొలకను ఆపుతుంది. బూడిదతో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టి, గుంటకు మూడేసి మొలకలు వుంచి, పూత చూశాక ఒకటి మిగుల్చుకోవాలి.

సీతాఫలం గింజకు బాగానే వస్తుంది. పాలమూరు పక్క బాలానగర్ కాయకు ఎంత పేరో మీకు తెలుసు. కొంత తేడా వున్నా మోసం తక్కువ. గింజ పెంకు గట్టిది, నానబెట్టి వేయండి, ఓపిక పట్టండి. ఆ గింజల పొడి కంటిలో పడితే చాలా ప్రమాదం, పిల్లలను దూరంగా వుంచండి. పనస గింజను తొన తిన్న రెండు మూడు రోజుల్లో నాటాలి. ఆపిల్ గింజను తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు వుంచితే మొలుస్తుంది, మన ఎండలకు దాని కాపు మీద ఆశ పెట్టుకోకండి. పిల్లలకు చూపడానికి బాగుంటుంది.

గ్రామాల్లో తిరిగే మా తోటి ఉద్యోగులకు ఒక మనవి. రైతు చేతిలో గింజలు చూడగానే "పనికిరాదు పొండి" అనకండి. ఏ పండు, ఎన్ని మొక్కలు, పెరటికా పొలానికా అని ముందు అడగండి. ఈ వారం మీ ఊరి జ్యూసు కొట్ల దగ్గర మామిడి టెంకలు కుప్పలుగా పడి వుంటాయి. ఒక గోతం నింపుకొని వెళ్లి, పదిమంది రైతులను కూర్చోబెట్టి, జీడి తీయడం, అంటు కట్టడం చేతులతో చేసి చూపండి. కత్తి మాత్రం పదునుగా వుండాలి.

సెలవు.