పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువు: ఎక్కడ అనే ముందు ఎందుకు?



మన సభ్యులలో పలువురు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మా మనవరాలు డిగ్రీ అయింది. ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతానంటోంది. ఎక్కడ చేర్పించమంటారు?" అయ్యా, ఎక్కడ అనే ముందు ఎందుకు అని ఆ పిల్లనే అడగండి. జవాబును బట్టి చేరవలసిన చోటు మారుతుంది. ఖర్చయ్యేది మన గ్రాట్యుటీ సొమ్మే కావచ్చు, గడిచిపోయేది మాత్రం ఆమె రెండేళ్ల వయసు.

పోటీ పరీక్షల కోసమే అయితే ఈ ఎం.ఏ. తప్పనిసరి కాదు. సివిల్స్‌కు గాని, గ్రూప్-1కు గాని ఏ డిగ్రీ అయినా చాలును. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఐచ్ఛిక విషయం ఒక్కటే. రెండు పేపర్లు, 500 మార్కులు. ఎం.ఏ. లేకుండానే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌ను ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. పరీక్షకు చదువుకుంటూనే పట్టా కూడా కావాలంటే, ఇంటి నుంచి చదివే ఇగ్నో వంటిది నయం. అయితే దూరవిద్యలో ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యు.జి.సి. అనుమతి ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులోనిది. 2014లో రాష్ట్రం విడిపోయింది కనుక, మన వైపు ప్రవేశాల సంగతి రూఢి చేసుకోనిదే ఫీజు కట్టరాదు.

అధ్యాపక వృత్తి కావాలనుకుంటే దారి వేరు. నెట్ రాయడానికి ఎం.ఏ.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులుండాలి. వీరికి మంచి గ్రంథాలయం, పరిశోధన చేయించే గురువులు కావాలి. ఉస్మానియాలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రంతో కలిసి ఉంది.

పథకాల అమలు, సర్వేలు, స్వచ్ఛంద సంస్థల పని మీద ఆసక్తి ఉంటే పబ్లిక్ పాలసీ కోర్సులు చూడవచ్చు. బెంగుళూరు నేషనల్ లా స్కూలు 2014లో ఇటువంటిది ప్రారంభించింది. ఇందులో అర్థశాస్త్రం, గణాంకాలు ఎక్కువ. లెక్కలంటే భయపడే పిల్లలను బలవంతాన పంపకండి.

ఎక్కడ చేరినా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: విద్యార్థులను ఊళ్లలోకి తీసుకువెళతారా? మన జిల్లా కొల్లేరునే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ ఒక్క సరస్సులో అటవీ శాఖ, రెవిన్యూ, మత్స్యశాఖ, నీటిపారుదల, పంచాయతీ అన్నీ ఉన్నాయి. పక్షులకు నీరు కావాలి, మనుషులకు కూడు కావాలి. ఉత్తర్వు ఒక్క పేజీయే. దాని కింద ఎన్ని కుటుంబాల బతుకు ఉన్నదో గట్టు మీద నిలబడితేనే తెలుస్తుంది. అది చూపించని చదువు నోట్ ఫైలు రాయడం నేర్పవచ్చును గాని, పాలన నేర్పదు.

కనుక కరపత్రం చూసి మోసపోకండి. పాఠ్యప్రణాళిక తెప్పించుకోండి. శాశ్వత అధ్యాపకులు ఎందరో, తెలుగులో పరీక్ష రాయనిస్తారో లేదో కనుక్కోండి. కిందటేడు చదివిన పిల్లలతో మాట్లాడండి. ఆఖరి నిర్ణయం మాత్రం చదివేవారికే వదలండి. సలహా మనది, జీవితం వాళ్లది.

సెలవు.