ప్యానెల్‌లో మా తండా ఏది?

(సంగారెడ్డిలో గిరిజన టీచర్లు, యువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను సోషల్ టీచర్ని. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పక్కన సర్కారు హైస్కూల్ల చెప్తున్న. మా బడికి కూడా గోడకు పెట్టే పెద్ద డిజిటల్ ప్యానెల్ వచ్చింది. వేలు పెడితే చాలు, మొహెంజొదారో వీధుల్ల తిరగొచ్చు. పిల్లలు నోరు తెరుచుకొని చూసిన్రు. అబద్ధమెందుకు, నేనూ అట్లనే చూసిన.

ఒకరోజు ఏడో తరగతి అమ్మాయి లేచి, "సార్, ఇందుల మా తండా వస్తదా?" అన్నది. మ్యాప్ తెరిచి పేరు కొట్టినం. రాలేదు. స్పెల్లింగు మార్చి కొట్టినం. అయినా రాలేదు. అదే చోట కంపెనీల పేర్లున్నయి, గోదాములున్నయి, లారీలు తూచే వేబ్రిడ్జి పేరు కూడా ఉన్నది. ఆ కంపెనీల్లోనే ఒకదాంట్ల ఆ పిల్ల తల్లి కాంట్రాక్టు కూలి.

టెక్నాలజీతోని చరిత్ర చెప్పుడంటే ఏందో నాకు ఆరోజు అర్థమైంది. ఎవరో తయారుచేసిన వీడియో చూపిస్తే పాఠం సాఫీగా పోతది, కానీ అందుల మనం లేకపోతే లేనట్టే ఉండిపోతం.

తర్వాతి వారం గూగుల్ ఎర్త్ పెట్టిన. 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలను ఏడాది వెంట ఏడాది నడిపి చూడొచ్చు. బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం చూసినం. పచ్చగున్న నేల బూడిద రంగుకు తిరుగుతుంటే క్లాసుల చప్పుడు లేదు. కానీ పాత చిత్రాలు మసక. అందుల గుడిసె కనబడది. ఆ చేను ఎవరిది, ఎకరానికి ఎంత ఇచ్చిన్రు, వేలిముద్ర ఎవరు వేసిన్రు, ఉపగ్రహానికి తెల్వది. "ఇది ఒక సాక్ష్యం, కథ మొత్తం కాదు" అని పిల్లలకు చెప్పిన.

రెండో సాక్ష్యం కాగితం. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుల పిటిషన్ పడ్డది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధనా పత్రం అచ్చేసిన్రు. ఇక్కడి మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు మింగే రోగి రక్తంల ఉండేదానికన్నా అది ఎక్కువ. ఇది సైన్సు పాఠం కద సారూ అంటరు కొందరు. ఆ నీళ్లు నక్కవాగు మీదుగ మంజీరకు పోయే తొవ్వల పశువులు తాగినయి, పొలాలు తాగినయి. వాటి మీద బతికినోళ్ల సంగతి సోషల్ కాకపోతే ఇంకేంది?

మూడోది గొంతు. దీనికి ప్యానెల్ అక్కర లేదు, ఇంట్ల ఉన్న ఫోన్ చాలు.

మన జిల్లాల ఈ పని చేసి చూపించినోళ్లున్నరు. జహీరాబాద్ దిక్కు మాచునూరుకు పోండ్రి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు అక్కడ రేడియో నడిపిన్రు. స్టూడియో 1998లోనే కట్టుకున్నరు, లైసెన్సు మాత్రం రాలేదు. వాళ్లు ఊరుకోలేదు. క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం కూడికల్ల వినిపించిన్రు. పదేండ్లకు, 2008 అక్టోబర్ 15న, 90.4 మీద సంఘం రేడియో గాలిలకు ఎక్కింది. వాళ్లల్ల సానామంది బడి మొఖం చూడనోళ్లే. విత్తనం గురించి, పంట గురించి తమ మాటల్నే పెట్టిన్రు. మా పిల్లలకు ఈ సంగతి చెప్తే, "మనం గోర్‌బోలిల చేయొచ్చా సార్?" అన్నరు. గోర్‌బోలికి సొంత లిపి లేదని చిన్నబోవద్దు, రికార్డింగుకు లిపితో పని లేదు. లిపి ఉన్నోళ్లకు కూడా తొవ్వ తేలిగ్గ దొరకలేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలల గోండి చేతిరాత పుస్తకాలు 2006ల బయటపడ్డయి, ఆ అక్షరాలు యూనికోడ్‌లకు ఎక్కింది 2018ల. పన్నెండేండ్లు!

మొదలు ఆ పిల్ల నానమ్మనే అడిగినం. ఫోన్ ఎదురుంగ పెట్టంగనే ముసలామె మొఖం తిప్పుకున్నది. "ఇది ఎవరు వింటరు? పట్వారికి పోతదా?" అన్నది. పావుగంట అదే ముచ్చట. ఎన్నడో ఎవరో రాసుకొని పోయిన కాగితం తోనే ఆమె భూమి పోయింది మరి. మైకు చూస్తే భయమెందుకు కాదు?

అందుకే మనం ఒక పద్ధతి పెట్టుకోవాలె. ముందు అడగాలె. చెప్పినంక వాళ్లకే వినిపించాలె. వద్దన్న ముక్క తీసెయ్యాలె. చెప్పిన తేదీలు కాగితాలతోని, మ్యాప్‌తోని సరిచూడాలె, ఎందుకంటే యాది కూడా తప్పుతది. యూట్యూబ్‌ల పెట్టుడు అన్నిటికన్నా ఆఖరు.

చివరికి ఆమె నలభై నిమిషాలు మాట్లాడింది. తండాల ఎన్ని ఇండ్లుండె, బాయి ఎక్కడుండె, ఏ చింతచెట్టు కింద పంచాయితీ అయ్యేది, అన్నీ. మనుమరాలు నోట్‌బుక్కుల బొమ్మ గీసింది. దాన్ని ప్యానెల్ మీద పాత ఉపగ్రహ చిత్రం పక్కన పెడితే చెరువు కట్ట వంపు సరిగ్గ కలిసింది. క్లాసంతా చప్పట్లు.

ఆ రికార్డింగు పంపమని మీరు మెసేజ్‌లు పెడుతున్నరు. పంపలేను. వాళ్ల భూమి కేసు ఇంకా నడుస్తున్నది, ఆమె ఒప్పుకోలేదు. ఫైల్ ఒక పెన్‌డ్రైవ్‌ల ఉన్నది, పెన్‌డ్రైవ్ ఆమె పెట్టెల ఉన్నది.