పదవి లేని ప్రజాసేవకుడు – మొహమ్మద్ అమీన్

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సేవ చేసినవారి జీవితాలను తలచుకోవడం ఇలాంటి సభలకు శోభనిస్తుంది. ఈ రోజు మేము తలచుకోదలచిన మనిషి మంత్రి కాదు, కలెక్టరు కాదు, పుట్టుకతో ధనవంతుడూ కాదు. ఆయన ఒక ఫొటోగ్రాఫరు. భుజం మీద కెమెరా తప్ప ఆయనకు వేరే అధికారం లేదు. అయినా ఆయన తీసిన కొద్ది నిమిషాల దృశ్యం లక్షలాది ఆకలి కడుపులకు అన్నం చేరడానికి దారి తీసింది. ఆయనే కెన్యా దేశస్థుడు మర్హూం మొహమ్మద్ అమీన్ గారు. తోటివారు ఆయనను ‘మో’ అని పిలిచేవారు.

అమీన్ గారు 1943 ఆగస్టు 29న నైరోబీలో పుట్టారు. వారిది పంజాబు మూలాలున్న కుటుంబం. తండ్రి రైల్వేలో పనిచేసేవారు. తూర్పు ఆఫ్రికాలో రైలు మార్గం వేయడానికి 1896 నుంచి అప్పటి భారతదేశపు కూలీలు వేలాదిగా ఓడలెక్కి వెళ్ళిన సంగతి పెద్దలకు తెలిసిందే. ఆ తరువాత కూడా రైల్వే పనులు, వ్యాపారాల కోసం మనవాళ్ళు అక్కడికి పోతూనే వచ్చారు. అమీన్ గారి బాల్యం కొంత దారెస్సలాంలో గడిచింది. బడి చదువుల రోజుల్లోనే చేతికొక పాత బాక్స్ కెమెరా చిక్కింది. ఇక ఆ పిల్లవాడు దాన్ని వదల్లేదు. 1963లో, ఇరవై ఏళ్ళ వయసులో, ‘కెమెరాపిక్స్’ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు.

అవి ఆఫ్రికాలో కొత్త జెండాలు ఎగురుతున్న రోజులు. జెండాల వెనకాలే తిరుగుబాట్లు, హత్యలు. 1964లో జాంజిబార్ విప్లవాన్ని చిత్రించిన అమీన్ గారిని, 1966లో అదే జాంజిబార్ జైలులో దాదాపు నాలుగు వారాలు బంధించారు. బయటికి వచ్చి మళ్ళీ కెమెరా పట్టారు. 1969లో నైరోబీలో కెన్యా మంత్రి టామ్ మ్బోయా హత్య జరిగినప్పుడూ అక్కడికి చేరి చిత్రించారు. 1978లో మక్కా యాత్ర మీద ఆయన చిత్రాల పుస్తకం వెలువడింది. హజ్ భాగ్యం కలగని ఎందరికో ఆ బొమ్మలు కన్నులపండుగ చేశాయి.

అయితే ఇంతవరకూ ఆయన పేరున్న వార్తా ఫొటోగ్రాఫరు మాత్రమే. ఆయనను ప్రజాసేవకునిగా మార్చిన చోటు ఇథియోపియా ఉత్తర భాగంలోని కొరెం.

1984లో అక్కడ ఘోరమైన కరువు. వానలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. టిగ్రే, ఎరిట్రియా ప్రాంతాల్లో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ ఏళ్ళ తరబడి యుద్ధం సాగుతోంది. దాంతో పంటలు, పశువులు, సంతలు, దారులు అన్నీ నాశనమయ్యాయి. సహాయ సంస్థలు, ఆ దేశపు సహాయ శాఖే కూడా, నెలల ముందు నుంచి హెచ్చరించాయి. కాగితాలు కదిలాయి, ధాన్యం మాత్రం చాలినంతగా కదల్లేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ ప్రభుత్వం తన విప్లవ దశమ వార్షికోత్సవాన్ని అట్టహాసంగా జరుపుకున్నది.

అక్టోబరులో అమీన్ గారు, బి.బి.సి. విలేకరి మైకేల్ బర్క్ గారితో కలిసి కొరెం, మెకెలె శిబిరాలకు వెళ్ళారు. చలికి వణుకుతున్న వేలాది జనం, గుడ్డలో చుట్టిన శవాలు, తల్లి ఒడిలోనే కన్నుమూసిన పసికందులు. 1984 అక్టోబరు 23న ఆ దృశ్యాలు బి.బి.సి.లో వచ్చాయి. తరువాత దేశదేశాల టెలివిజన్లు వాటిని చూపించాయి. అన్నం ముందు కూర్చున్నవారికి ముద్ద దిగలేదు. పాటగాడు బాబ్ గెల్డాఫ్ అది చూసే కళాకారులను కూడగట్టి ఆ ఏడాది చివరలో ఒక పాట రికార్డు తెచ్చారు. 1985 జూలై 13న లండన్, ఫిలడెల్ఫియా నగరాల్లో ‘లైవ్ ఎయిడ్’ కచేరీలు జరిగాయి. ప్రభుత్వాలూ కదిలాయి, విమానాల్లో ధాన్యం చేరింది. అప్పటికే ఆలస్యమైంది. ఆ కరువులో నాలుగు లక్షల నుంచి పది లక్షల దాకా ప్రాణాలు పోయాయని అంచనాలు. ఆ సాయమే అందకపోతే లెక్క ఇంకెక్కడికి పోయేదో!

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ చిత్రాలు ఆకలిని చూపినంతగా యుద్ధాన్ని చూపలేదు. కరువు మాటున ఆ ప్రభుత్వం ఉత్తరాది జనాన్ని దాదాపు ఆరు లక్షలమందిని, చాలామందిని బలవంతంగా, దక్షిణానికి తరలించింది. ఆఫ్రికా మనిషిని ఎప్పుడూ చేయి చాచినవాడిగానే చూపుతున్నారన్న విమర్శ కూడా వచ్చింది. అందులో నిజం ఉంది. జాలి కలిగితే చాలదు, ఎందుకిలా జరిగిందని అడగాలి.

1991లో అడిస్ అబాబాలో ఆయుధాల గిడ్డంగి పేలినప్పుడు అమీన్ గారి ఎడమ చెయ్యి పోయింది. పక్కనే ఉన్న సహచరుడు జాన్ మథాయి ప్రాణమే పోయింది. కెమెరా పట్టేవాడికి చెయ్యి పోతే ఇంకేముంది అనుకుంటాం. ఆయన కృత్రిమ చేయి అమర్చుకుని కొద్ది నెలల్లోనే పనిలో దిగారు. 1996 నవంబరు 23న అడిస్ అబాబా నుంచి నైరోబీకి వస్తున్న విమానాన్ని దుండగులు హైజాక్ చేశారు. ఇంధనం అయిపోయి అది కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో కూలింది. విమానంలోని 175 మందిలో 125 మంది చనిపోయారు. వారిలో 53 ఏళ్ళ అమీన్ గారొకరు. చివరి ఘడియల్లో కూడా ఆయన లేచి నిలబడి దుండగులతో మాట్లాడుతూనే ఉన్నారని బతికి బయటపడినవారు చెప్పారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

సోదరులారా, ఈ జీవితం నుంచి మనబోటి సంఘాలు నేర్చుకోవలసింది మాకొకటి తోస్తోంది. అమీన్ గారి కెమెరా ఎప్పుడూ కష్టంలో ఉన్నవాని వైపు తిరిగి ఉన్నది, దాత వైపు కాదు. మన సంక్షేమ సంఘాల సావనీర్లు తిరగేయండి. కుట్టుమిషను అందుకుంటున్న వితంతువు తలవంచుకుని నిలబడి ఉంటుంది, ఇచ్చేవారంతా కెమెరా వైపు చూసి నవ్వుతుంటారు. ఆ అమ్మ పిల్లవాడు రేపు బడిలో ఆ పుస్తకం చూస్తే ఏమనుకుంటాడు? కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు.

అలాగని ఫొటోలు వద్దనడం లేదు. కొరెంలో ఫొటో లేకపోతే లోకం కదిలేది కాదు. ఏది చూపిస్తే సాయం పెరుగుతుందో అది చూపించాలి. కారుతున్న బడి కప్పు చూపిద్దాం, నీళ్ళులేని బోరింగు చూపిద్దాం, మందుల్లేని ఆసుపత్రి అల్మరా చూపిద్దాం. సాయం పుచ్చుకున్నవారి ముఖం, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప, వేయవద్దు. జకాత్, స్కాలర్‌షిప్ దరఖాస్తులు బల్లమీద పెట్టుకుని సంతకాలు చేసే ముందు, ఇద్దరు సభ్యులు ఆ గడప దాకా వెళ్ళి చూసి రావాలి. కాగితం ఆకలిని చెప్పలేదు. కొరెం గురించిన కాగితాలు నెలల తరబడి చెప్పలేకపోయింది, వెళ్ళి చూసిన ఒక మనిషి చెప్పగలిగాడు.

కార్యవర్గం వారు ఈ రెండు సూచనలను ఈ ఏడాదే పరిశీలించాలని సభాముఖంగా కోరుతున్నాము. మర్హూం అమీన్ గారికి అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. కళ్ళుండి చూడగలిగే మనసు మనందరికీ ఇచ్చుగాక. ఆమీన్.