నొప్పి తెలియకముందే చెయ్యి వెనక్కి ఎందుకు వస్తుంది? మన నాడీ వ్యవస్థ కథ

ఈరోజు నాడీ వ్యవస్థ గురించి మాట్లాడుకుందాం. స్కూల్లో బొమ్మ గీసి, పేర్లు రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన టాపిక్ ఇది. కానీ చివరిదాకా చూడండి. ఇందులో ఒక్క విషయం గుర్తుంటే, రోడ్డు మీద పడిపోయిన ఒక మనిషి మళ్లీ నడవడానికి మీరు కారణం కావచ్చు.

ముందు ఒక చిన్న కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. రక్తం తీసేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటారు కదా. అది నిజానికి నరం కాదు, సిర. అంటే రక్తం వెళ్లే గొట్టం. మనం తెలుగులో రెండింటినీ నరమనే అంటాం. ఈరోజు మనం మాట్లాడుకునే నరంలో రక్తం పారదు, సమాచారం పారుతుంది. అది కూడా కరెంటు సిగ్నల్ రూపంలో.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. దోసె వేస్తుంటే వేలు పెనానికి తగిలింది. చెయ్యి టక్కున వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాతే "అబ్బా, కాలింది!" అని మీకు తెలిసింది. గమనించారా? చెయ్యి తీయమని మెదడు చెప్పలేదు. మరి ఎవరు చెప్పారు?

వెన్నుపాము చెప్పింది. వేలి చర్మం నుంచి సిగ్నల్ నరం గుండా వెన్నుపాముకి వెళ్లింది. అక్కడే నిర్ణయం అయిపోయింది, చేతి కండరాలకి ఆర్డర్ వచ్చేసింది. అదే సమయంలో ఇంకో కాపీ మెదడుకి కూడా బయల్దేరింది. అది చేరేలోపు ఇక్కడ పని అయిపోయింది. దీన్నే రిఫ్లెక్స్ అంటారు, తెలుగులో ప్రతీకార చర్య.

ఇంకో ఎగ్జాంపుల్. కాలి బొటనవేలు గడపకి కొట్టుకుంటే, ముందు "తగిలింది" అని తెలుస్తుంది. ఒక్క క్షణం ఆగి అసలు నొప్పి వస్తుంది. ఎందుకంటే నరంలో రకరకాల తీగలుంటాయి. కొన్నిటికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో బాగా లావుగా ఉన్నవి సెకనుకి 100 మీటర్లు దాటి కూడా సిగ్నల్ పంపగలవు. మంటలా, సలుపులా ఉండే నొప్పిని మోసేవి సన్నటి తీగలు. వాటికి తొడుగు ఉండదు. వాటి స్పీడు సెకనుకి సుమారు ఒక మీటరే, అంటే మనం నడిచే స్పీడు. అందుకే ఆ గ్యాప్.

సరే, మొత్తం మ్యాప్ చూద్దాం. నాడీ వ్యవస్థలో రెండు భాగాలు. ఒకటి కేంద్ర నాడీ వ్యవస్థ: మెదడు, వెన్నుపాము. రెండోది పరిధీయ నాడీ వ్యవస్థ: మెదడు నుంచి వచ్చే 12 జతల నరాలు, వెన్నుపాము నుంచి వచ్చే 31 జతల నరాలు, వాటి కొమ్మలు. ఇందులోనే ఒక ఆటోమేటిక్ విభాగం కూడా ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్నది ఎలా కదలాలి అనేవి మనల్ని అడక్కుండానే చూసుకుంటుంది.

పెద్దవాళ్లలో మెదడు బరువు దాదాపు 1.4 కిలోలు. అందులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీ కణాలు ఉంటాయి. శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, ఖాళీగా కూర్చున్నప్పుడు మనం వాడే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది.

ఇక వెన్నుపాము. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం మన చిటికెన వేలంత. మెడ కింద నుంచి మీ శరీరంలో జరిగే దాదాపు ప్రతి కదలిక, ప్రతి స్పర్శ ఆ సన్నటి దారిలోంచే వెళ్లాలి. అందుకే దాన్ని వెన్నుపూసల లోపల దాచిపెట్టింది శరీరం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

చేతిలో ఒక నరం తెగిందనుకోండి. డాక్టర్లు కలిపి కుట్టగలరు. తర్వాత ఆ నరం మెల్లగా, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. నెలలు పడుతుంది, పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు, కానీ అవకాశం ఉంటుంది. వెన్నుపాము అలా కాదు. దెబ్బ తగిలిన చోట మచ్చలాంటి కణజాలం ఏర్పడుతుంది, అక్కడి వాతావరణమే తీగల్ని పెరగనివ్వదు. పూర్తిగా తెగిన వెన్నుపాముని మళ్లీ కలిపే వైద్యం ఇప్పటికీ లేదు.

నడుము దగ్గర దెబ్బ తగిలితే కాళ్లు పోవచ్చు. మెడ దగ్గరైతే చేతులు, కాళ్లు రెండూ. మెడలో ఇంకా పైనైతే ఊపిరి తీయించే నరం కూడా ఆగిపోతుంది.

ఇప్పుడు మన రోడ్డు మీద సీన్ గుర్తుతెచ్చుకోండి. బైక్ యాక్సిడెంట్ అయింది. పదిమంది పరిగెత్తుకొచ్చారు. ఒకరు చంకల కింద పట్టుకున్నారు, ఇంకొకరు కాళ్లు. కూర్చోబెట్టారు, నీళ్లు తాగించారు, ఆటోలో మడిచి పడుకోబెట్టారు. అందరిదీ మంచి మనసే. కానీ అప్పటికి పూస మాత్రమే విరిగి, లోపల వెన్నుపాము ఇంకా బాగానే ఉండి ఉంటే? ఆ లాగడంలో అది దెబ్బతినొచ్చు.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి. ముందు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మంట, ట్రాఫిక్ లాంటి ప్రమాదం లేకపోతే మనిషిని కదిలించొద్దు. తల, మెడ అటూ ఇటూ కదలకుండా రెండు చేతులతో పట్టుకోండి. "తల తిప్పకు అన్నా, అంబులెన్స్ వస్తోంది" అని ధైర్యం చెప్పండి. ఊపిరికి అడ్డం కాకపోతే హెల్మెట్ లాగొద్దు. తప్పనిసరిగా జరపాల్సి వస్తే తల, మెడ, వీపు ఒకే గీతలో ఉండేలా నలుగురూ కలిసి జరపండి. ఊపిరే ఆగిపోతే మాత్రం ముందు ప్రాణం, సీపీఆర్ మొదలుపెట్టాలి.

"కేసులో ఇరుక్కుంటామేమో" అని భయపడొద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణలో, మంచి ఉద్దేశంతో సాయం చేసినవాళ్లకి 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ఎండాకాలం ఇంకో మాట. లోతు తెలియని బావిలో, కాలువలో తలకిందులుగా దూకొద్దు. అడుగున తల తగిలితే విరిగేది మెడే. మీరెంత గజ ఈతగాడైనా సరే.

పెనం మీద నుంచి మీ చెయ్యిని లాగింది మీ వెన్నుపామే. పుట్టినప్పటి నుంచి మనల్ని అడక్కుండా కాపాడుతోంది. దాన్ని కాపాడే పని మాత్రం మనదే. హెల్మెట్ పెట్టుకోండి, సీట్ బెల్ట్ పెట్టుకోండి, ఈ విషయం మీ ఫ్రెండ్స్‌లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

మళ్లీ కలుద్దాం. జాగ్రత్త!